అపార్ట్‌మెంటు నివాసులకు భవన భద్రతా సమాచారం చేర్చడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• సమాచారం ఇవ్వడానికీ, అది అందడానికీ మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• అగ్ని, కట్టడం, తుఫాను అనే మూడు విషయాల్లో నివాసులకు తెలియవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
• భద్రతా సమాచారం విషయంలో బిల్డరు, సంఘం, నివాసి బాధ్యతలను చెప్పగలుగుతారు.
• మీరు ఉండే భవనానికి పనికివచ్చే ఒక భద్రతా ప్రకటనను సొంతంగా రాయగలుగుతారు.

1.1 విషయ పరిచయం

ఒకప్పుడు అపార్ట్‌మెంటు అంటే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల మాట. ఇప్పుడు నెల్లూరు, కావలి వంటి పట్టణాల్లో కూడా నాలుగైదు అంతస్తుల భవనాలు సాధారణమయ్యాయి. మీలో కొందరు అటువంటి భవనాల్లోనే ఉంటూ ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు.

సొంత పెంకుటింట్లో ఉన్నవారికి తమ ఇంటి సంగతి తెలుసు. ఏ దూలం పాతదో, ఏ గోడ చెమ్మ పట్టిందో, పొయ్యి ఎక్కడుందో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అపార్ట్‌మెంటులో పరిస్థితి వేరు. మూడో అంతస్తులో ఉన్న కుటుంబం భద్రత సెల్లారులో ఎవరు ఏమి నిల్వ చేశారన్న దాని మీద, మీటరు బోర్డు ఎలా ఉందన్న దాని మీద, పై డాబా నీళ్ళు ఎక్కడ ఇంకుతున్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇవన్నీ ఆ కుటుంబం రోజూ చూసే చోట్లు కావు. తాళం వేసుకున్న తలుపు లోపల ఎంత జాగ్రత్తగా ఉన్నా, బయటి అపాయం మెట్ల మీదుగా లోపలికి రాగలదు. కాబట్టి ఇటుక, సిమెంటు, ఇనుములాగే సమాచారం కూడా అపార్ట్‌మెంటు భద్రతలో ఒక భాగం.

1.2 ఇవ్వడం వేరు, అందడం వేరు

నెల్లూరు తీరంలోని బిట్రగుంట రైల్వే ఊరు. విజయవాడ–గూడూరు మార్గంలో ఉన్న ఈ ఊళ్ళో ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉండేది. రైలు ఉద్యోగుల కుటుంబాలకు బాగా తెలిసిన ఒక కాగితం ఉంది. దాని పేరు కాషన్ ఆర్డరు. ముందున్న మార్గంలో పట్టాల మరమ్మతు జరుగుతుంటే, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు, ఎంత వేగానికి మించకుండా, ఏ కారణంతో వెళ్ళాలో ఆ కాగితంలో రాసి లోకో పైలట్‌కు ఇస్తారు. అందినట్టు ఆయన సంతకం తీసుకుంటారు. హెచ్చరించవలసినది ఏదీ లేకపోతే ఊరుకోరు. ‘ఏమీ లేదు’ అని తెలిపే నిల్ కాషన్ ఆర్డరు ఇస్తారు.

ఈ చిన్న కాగితంలో భద్రతా సమాచారానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి.

(అ) అది ఫలానా మనిషికి ఇచ్చేది, ఊరందరికీ కాదు.
(ఆ) చోటు స్పష్టంగా చెబుతుంది.
(ఇ) చేయవలసిన పని చెబుతుంది. ‘జాగ్రత్తగా నడపండి’ అనదు, వేగం ఎంతో అంకెలో చెబుతుంది.
(ఈ) కారణం చెబుతుంది.
(ఉ) అందినట్టు రుజువు తీసుకుంటుంది.
(ఊ) మౌనాన్ని క్షేమమని అనుకోనివ్వదు.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో సాధారణంగా కనిపించే పద్ధతిని దీనితో పోల్చండి. లిఫ్టు పక్కన ఒక కాగితం అంటిస్తారు, లేదా వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెడతారు. కార్యదర్శి దృష్టిలో సమాచారం ఇవ్వడం పూర్తయింది. ఎంతమంది చదివారు, చదివినవారికి ఏం చేయాలో అర్థమైందా, చేశారా అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. ఇచ్చినవారి పని పూర్తయిన చోట అందుకునేవారి పని మొదలు కాకపోతే ఆ సమాచారం వృథా. ఈ పాఠంలోని మిగతా అంశాలన్నిటినీ ఈ ఒక్క సూత్రంతో పరిశీలించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
కాషన్ ఆర్డరులోని ఏ రెండు లక్షణాలు మీ భవనంలోని నోటీసు బోర్డు మీద కనిపించవు? నాలుగు వాక్యాల్లో రాయండి.

1.3 నివాసులకు తెలియవలసినది ఏమిటి?

1.3.1 అగ్ని, పొగ

2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనంలో జరిగిన అగ్ని ప్రమాదంలో కనీసం 9 మంది మరణించారు. కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని మంటలు, పొగ పై అంతస్తులకు వ్యాపించాయి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో జరిగిన ప్రమాదంలో 8 మంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో 6 మంది, 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గరి భవనంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇటువంటి ప్రమాదాల్లో చాలామందిని చంపేది మంట కాదు, పొగ. మెట్ల దారి పొగ గొట్టంలా పనిచేస్తుంది. కింద పుట్టిన వేడి పొగ నిమిషాల్లో పైకి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. మనిషికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. ఈ సంగతి తెలియనివారు పొగ నిండిన మెట్ల మీదికే పరుగెత్తుతారు.

కాబట్టి ప్రతి నివాసికీ కింది విషయాలు తెలిసి ఉండాలి:

• మంట చిన్నదైనా ఇంట్లోవారిని అప్రమత్తం చేసి, మంటకు దూరంగా వచ్చి, వెంటనే 101కి ఫోను చేయాలి.
• మెట్లలో పొగ లేకపోతే తలుపు మూసి, మెట్ల దారిన కిందికి దిగాలి. లిఫ్టు వాడకూడదు.
• మెట్లలో పొగ ఉంటే ఇంట్లోకి వెనక్కి రావాలి. తలుపు మూసి, కింది సందులో తడి గుడ్డలు కుక్కి, కిటికీ లేదా బాల్కనీ దగ్గర నిలబడాలి. అగ్నిమాపక సిబ్బందికి ఫ్లాటు నంబరు, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పాలి.
• బాల్కనీకి ఇనుప గ్రిల్లు బిగిస్తే అందులో తెరుచుకునే తలుపు ఒకటి ఉండాలి. దాని తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. దొంగల కోసం బిగించిన గ్రిల్లు ప్రమాద సమయంలో మనల్నే బందీలను చేయగలదు.
• వంట గ్యాసు గాలి కంటే బరువైనది. అది నేల మీద, సెల్లారులో పేరుకుంటుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.

వీటికంటే ముందు తెలియవలసిన విషయం మరొకటి ఉంది. మన కింద ఏముంది? సెల్లారులో, కింది దుకాణంలో, మెట్ల కింద ఏమి నిల్వ ఉందో అడిగే హక్కు పైన నిద్రపోయే ప్రతి మనిషికీ ఉంది. నెలకొకసారి కార్యవర్గ సభ్యుడు ఒకరు, నివాసి ఒకరు కలిసి సెల్లారు చూసి, ఏమి కనిపించిందో బోర్డు మీద రాయాలి. అభ్యంతరకరమైనది ఏదీ కనిపించకపోతే ఆ మాటే రాయాలి. నిల్ కాషన్ ఆర్డరు చేసే పని ఇదే.

1.3.2 కట్టడం

తీర ప్రాంతంలో కాంక్రీటుకు ఉప్పు గాలి పెద్ద శత్రువు. గాలిలోని లవణాలు కాలక్రమంలో కాంక్రీటు లోపలికి ఇంకి, ఊచలను చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి ఊచ వెంబడి కాంక్రీటు చీలుతుంది, పెచ్చులు ఊడతాయి. ఈ కారణంగానే భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 456:2000 ప్రమాణం సముద్ర తీర వాతావరణానికి గురయ్యే కట్టడాలను ‘తీవ్ర’ వర్గంలో చేర్చి, ఆర్‌సీసీకి కనీసం ఎం30 కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని చెబుతోంది.

నివాసి ఇంజనీరు కానక్కరలేదు. దూలం లేదా స్తంభం పొడవునా తిన్నగా సాగే పగులు, గోధుమ రంగు తుప్పు మరక, పెచ్చు ఊడి బయటపడ్డ ఊచ, కొత్తగా బిగుసుకుపోతున్న తలుపు కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలిస్తే చాలు. పూత మీది సన్నని గీతలు వేరు, స్తంభం మీది పగులు వేరు. ఈ తేడాను ఫొటోలతో చూపిస్తే పది పుటల నివేదిక కంటే ఎక్కువ ఉపయోగం.

నివేదిక ఉన్నా సమాచారం అందకపోవచ్చు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో, సర్ఫ్‌సైడ్ పట్టణంలో 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనం 2021 జూన్ 24 తెల్లవారుజామున కూలి 98 మంది మరణించారు. 2018లోనే ఒక ఇంజనీరు ఈత కొలను ఆవరణ కింద కాంక్రీటు దెబ్బతిన్నదని నివేదిక ఇచ్చారు. అదే సంవత్సరం పట్టణ అధికారి ఒకరు సంఘం సమావేశంలో భవనం బాగానే ఉందని చెప్పినట్టు ఆనాటి సమావేశ వివరాల్లో ఉంది. 2021 ఏప్రిల్‌లో సంఘం అధ్యక్షురాలు నష్టం పెరిగిందని సభ్యులకు లేఖ రాశారు. కూలడానికి సాంకేతిక కారణాల చర్చ ఇంజనీర్లది. మన పాఠానికి కావలసింది సమాచారం నడిచిన తీరు. సాంకేతిక భాషలోని ఒక హెచ్చరిక, భరోసా ఇచ్చే ఒక మాట, మరమ్మతు ఖర్చు మీద సాగే వాదన పక్కపక్కన ఉన్నప్పుడు వినేవారి మనసు భరోసా వైపే మొగ్గుతుంది. అందువల్ల ఇంజనీరు నివేదిక వచ్చినప్పుడు ‘ఎంత ప్రమాదం, ఎప్పటిలోగా, ఏమి చేయాలి, చేయకపోతే ఏమవుతుంది’ అన్న నాలుగు ప్రశ్నలకు తెలుగులో ఒక పుటలో సమాధానం ఇవ్వమని ఆయననే అడగాలి.

1.3.3 తుఫాను

తుఫాను హెచ్చరికల విషయంలో మన దేశానికి మంచి అనుభవం ఉంది. భారత వాతావరణ శాఖ హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది: సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తరువాతి పరిస్థితిపై అంచనా. పసుపు, నారింజ, ఎరుపు రంగులు తీవ్రతను సూచిస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఆనుకుని ఉత్తరంగా సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది.

ఈ దశలనే అపార్ట్‌మెంటు తన సొంత పనులకు పట్టికగా వాడుకోవచ్చు.

• తొలి సూచన: డాబా మీది రేకులు, పూలకుండీలు, వదులైన ట్యాంకు మూతలు ఎక్కడున్నాయో చూసుకోవడం. వర్షపు నీటి గొట్టాలు శుభ్రం చేయించడం.
• అప్రమత్తత: వాటిని కిందికి దింపడం లేదా కట్టడం. సోలార్ హీటరు పలకల బిగింపులు చూడటం. సెల్లారులోని వాహనాలను ఎత్తైన చోటికి మార్చడం.
• హెచ్చరిక: లిఫ్టును పై అంతస్తులో నిలిపి కరెంటు ఆపడం. సెల్లారులోకి నీళ్ళు వస్తే మెయిన్ ఎవరు ఆపాలో పేరు పెట్టి చెప్పడం. జనరేటరును మూసిన గదిలో నడపకపోవడం.

1.4 ఎవరి బాధ్యత?

నివాసులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. సంక్షిప్తంగా చూద్దాం.

బిల్డరు: 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) ప్రకారం, ఫ్లాటు కొన్నవారికి మంజూరైన ప్లాన్ల సమాచారం పొందే హక్కు ఉంది. స్థానిక చట్టం వేరుగా చెప్పకపోతే, పూర్తి ధ్రువపత్రం పొందిన 30 రోజుల్లోగా ఉమ్మడి స్థలాలతో సహా అవసరమైన పత్రాలు, ప్లాన్లను సంఘానికి అప్పగించాలి. స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్ళలోగా కట్టడంలో లోపం తెలియజేస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ గడువు సంగతి తెలియక, అది దాటిన తరువాత పగుళ్ళ గురించి అడిగేవారు చాలామంది. కాబట్టి స్వాధీనం తేదీ కూడా భద్రతా సమాచారమే.

సంఘం: 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం కింద ఏర్పడే యజమానుల సంఘం ఉమ్మడి స్థలాల నిర్వహణ చూస్తుంది. మెట్లు, లిఫ్టు, సెల్లారు, డాబా దాని పరిధిలోనివి. వాటి స్థితిని నివాసులకు తెలపడం కూడా ఆ నిర్వహణలో భాగమే.

ప్రభుత్వ శాఖలు: జాతీయ భవన స్మృతి 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపై ఎత్తున్నవి ఎత్తైన భవనాలు. అగ్నిమాపక శాఖ పరిశీలన ప్రధానంగా అటువంటి వాటి మీద ఉంటుంది. చిన్న పట్టణాల్లోని నాలుగంతస్తుల భవనానికి రోజువారీ తనిఖీదారు నివాసే.

1.5 ప్రకటన రాసే పద్ధతి

కింది రెండు నమూనాలను పోల్చండి. రెండూ ఒకే విషయం మీద రాసినవి.

నమూనా 1: ‘నివాసులందరికీ తెలియజేయునది ఏమనగా, అగ్ని ప్రమాదాల నివారణ నిమిత్తం తగు జాగ్రత్తలు తీసుకొనవలసినదిగా కోరడమైనది. అతిక్రమించినవారిపై తగు చర్యలు తీసుకొనబడును. – కార్యవర్గం.’

నమూనా 2: ‘మెట్ల కింద బైకులు, పాత పరుపులు, అట్టపెట్టెలు ఉన్నాయి. మంట వస్తే మనందరికీ ఉన్న దారి ఈ ఒక్క మెట్ల దారే. ఆదివారం సాయంత్రం 5 గంటలలోగా ఎవరివి వారు తీసేయండి. మోయడానికి సాయం కావాలంటే వాచ్‌మన్‌కు చెప్పండి. సోమవారం ఉదయం కార్యదర్శి చూసి, ఖాళీ అయిందో లేదో ఇదే బోర్డు మీద రాస్తారు.’

మొదటిది ఆఫీసు భాషలో ఉంది. ‘తగు జాగ్రత్తలు’ అంటే ఏమిటో చెప్పలేదు. అది చదివిన ప్రతి మనిషీ అది పక్క ఫ్లాటువారికని అనుకుంటాడు. రెండోదానిలో చోటు, పని, కారణం, గడువు, సాయం, తిరిగి చూసే మనిషి ఉన్నారు. బెదిరింపు లేదు. మీరు ఏ ప్రకటన రాసినా ఈ ఆరు ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఒక ప్రకటనలో ఒకే పని చెప్పండి. ఐదు పనులు చెబితే ఒక్కటీ జరగదు.

1.6 ఎవరికి అందడం లేదు?

సమాచారం అందనివారి జాబితా ముందే వేసుకోవడం మంచి పద్ధతి.

అద్దెదారులు: యజమాని బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన పేరు ఉంటుంది. ప్రమాద సమయంలో లోపల ఉండేది మాత్రం అద్దెకున్న కుటుంబం. భద్రతా సందేశాల గ్రూపులో ఉండవలసినది ఫ్లాటులో నిద్రపోయేవారు.

వాచ్‌మన్ కుటుంబం: సెల్లారుకూ మీటర్లకూ అతి దగ్గరగా ఉండేది వీరే. మెయిన్ ఎక్కడుందో, డాబా తాళం ఎవరి దగ్గరుందో వీరికే ముందు తెలుస్తుంది. వీరు సమాచారం అందుకోవలసినవారే కాదు, ఇవ్వగలిగినవారు కూడా. సమావేశానికి పిలవండి.

వృద్ధులు, పిల్లలు, పగటిపూట ఇంట్లో ఉండే స్త్రీలు: ఆదివారం సాయంత్రం సమావేశానికి వచ్చేవారు వేరు, పనిదినం ఉదయం 11 గంటలకు ఇంట్లో ఉండేవారు వేరు. ఖాళీ చేసే అభ్యాసం ఒకసారి పనిదినంలో కూడా జరపాలి. మెట్లు దిగలేనివారు ఏ ఫ్లాటులో ఉన్నారో, వారికి ఎవరు తోడు వెళ్ళాలో ముందే రాసి ఉంచాలి. వారి అనుమతితోనే, బోర్డు మీద కాకుండా కార్యదర్శి, వాచ్‌మన్ దగ్గర ఉంచాలి.

చదవడం రానివారు, తెలుగు రానివారు: ఇంటింటికీ వెళ్ళి నోటితో చెప్పడం, బొమ్మలు గీయడం, దారి వెంట నడిపించి చూపడం వీరికి పనికివచ్చే పద్ధతులు. నిజానికి నడిపించి చూపడం అందరికీ పనికివస్తుంది.

1.7 కింది నుంచి పైకి నడిచే సమాచారం

ఇంతవరకు సంఘం చెప్పడం, నివాసి వినడం గురించి చూశాం. రెండో దిశ ఇంకా ముఖ్యమైనది.

లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవరులో 2017 జూన్ 14న జరిగిన అగ్ని ప్రమాదంలో 72 మంది మరణించారు. భవన నిర్వహణలో భద్రతా లోపాలు ఉన్నాయని అక్కడి నివాసుల బృందం అంతకుముందే రాతపూర్వకంగా హెచ్చరించింది. ప్రమాదం రాత్రి, మంట బయటి గోడ మీదుగా పాకుతున్నా, ‘మీ ఫ్లాట్లలోనే ఉండండి’ అన్న సలహా కొనసాగింది. తొలి ఫోను 12 గంటల 54 నిమిషాలకు రాగా, ఆ సలహాను మార్చింది 2 గంటల 47 నిమిషాలకు. మంట ఒక ఫ్లాటు దాటదన్న నమ్మకం మీద ఆ సలహా ఆధారపడింది. ఆ నమ్మకం తప్పినప్పుడు సలహా కూడా మారాలి. కాబట్టి మన ప్రకటనలో ఏమి చేయాలో చెప్పడంతో సరిపోదు. ఏ పరిస్థితి మారితే ఆ పని మానాలో కూడా చెప్పాలి. 2019లో విచారణ సంఘం తొలి నివేదిక, నివాసులకు అర్థమయ్యే రూపంలో అగ్ని భద్రతా సూచనలు ఇవ్వాలని సిఫారసు చేసింది. 2022లో బ్రిటన్ చేసిన భవన భద్రతా చట్టం ఎత్తైన నివాస భవనాల్లో నివాసుల భాగస్వామ్యానికి ప్రణాళికనూ, ఫిర్యాదుల పద్ధతినీ తప్పనిసరి చేసింది.

మన నాలుగంతస్తుల భవనానికి అంత పెద్ద ఏర్పాటు అవసరం లేదు. కాగితాలు కుట్టిన ఒక పుస్తకం చాలు. అందులో ఐదు గడులు గీయండి: తేదీ, ఏమి కనిపించింది, ఎవరు చెప్పారు, ఎవరు చూస్తారు, ఏమి చేశారు. చివరి గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ విషయం ప్రతి సమావేశంలో మొదటి అంశంగా రావాలి. చెప్పినవారిని ‘ఊరికే భయపెడతారు’ అని ఒకసారి నవ్వితే, రెండోసారి ఎవరూ చెప్పరు. అటువంటి భవనంలో పుస్తకం శుభ్రంగా ఉంటుంది, స్తంభం మాత్రం చీలుతూ ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
మీ భవనంలో, లేదా మీకు తెలిసిన భవనంలో, సమాచారం అందని ఇద్దరిని గుర్తించండి. వారికి ఏ పద్ధతిలో చేర్చవచ్చో రాయండి.

1.8 సారాంశం

అపార్ట్‌మెంటులో ఒకరి భద్రత మరొకరికి తెలిసిన విషయం మీద ఆధారపడుతుంది. మంచి భద్రతా సమాచారం ఫలానా మనిషికి, ఫలానా చోటు గురించి, చేయవలసిన పనినీ కారణాన్నీ చెప్పి, అందినట్టు నిర్ధారించుకుంటుంది. అగ్ని విషయంలో పొగ గురించీ, సెల్లారు నిల్వల గురించీ, కట్టడం విషయంలో పగుళ్ళు, తుప్పు మరకల గురించీ, తుఫాను విషయంలో దశలవారీ పనుల గురించీ నివాసులకు తెలియాలి. సమాచారం పై నుంచి కిందికి ఎంత ముఖ్యమో, కింది నుంచి పైకి అంతకంటే ముఖ్యం.

1.9 పారిభాషిక పదాలు

కాషన్ ఆర్డరు: ముందున్న మార్గంలోని వేగ పరిమితులను, కారణాలను లోకో పైలట్‌కు రాతపూర్వకంగా తెలిపే ఉత్తర్వు.
కవరు: కాంక్రీటు ఉపరితలానికీ లోపలి ఊచకూ మధ్య ఉండే మందం.
ఉమ్మడి స్థలాలు: మెట్లు, లిఫ్టు, సెల్లారు, డాబా వంటి, నివాసులందరికీ చెందిన భాగాలు.

1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భద్రతా సమాచారం ఇవ్వడానికీ అందడానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. తీర ప్రాంతపు అపార్ట్‌మెంటు నివాసులకు తెలియవలసిన భద్రతా అంశాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రెరా చట్టం ప్రకారం పత్రాల విషయంలో బిల్డరు బాధ్యతలేమిటి?
2. మెట్లలో పొగ నిండినప్పుడు నివాసి చేయవలసిన పనులేమిటి?

III. అభ్యాసం
మీ భవనంలో ఈ వారం సరిచేయవలసిన ఒక్క విషయాన్ని ఎంచుకుని, 1.5లోని ఆరు లక్షణాలతో ప్రకటన రాయండి. దాన్ని అంటించే ముందు వాచ్‌మన్‌కూ, ఒక వృద్ధురాలికీ చదివి వినిపించండి. ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగండి. వారి సమాధానం మీరు అనుకున్నదే అయితే ఆ ప్రకటన అంటించండి. కాకపోతే మళ్ళీ రాయండి.